తాకట్టు నుంచి హామీకి: ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దులో చిన్న కాంట్రాక్టర్ల రుణ చరిత్ర

1.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఏజెన్సీ ప్రాంతంలో భూమి ఎందుకు బ్యాంకుకు సరైన తాకట్టు కాలేకపోయిందో వివరించగలుగుతారు.
• ప్రభుత్వ రుణహామీ పథకాలు 1960 నుంచి నేటి వరకు మారిన క్రమాన్ని తెలపగలుగుతారు.
• విద్యుత్ కాంట్రాక్టరు వృత్తిని ఉదాహరణగా తీసుకొని, హామీ ఎవరిని, ఎంతవరకు కాపాడుతుందో విశ్లేషించగలుగుతారు.

1.1 పరిచయం

"షూరిటీ ఎవరు?" అప్పు కోసం బ్యాంకు మెట్లు ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న తెలిసిందే. షూరిటీ లేకపోతే తాకట్టు అడుగుతారు. తాకట్టు అంటే మన పల్లెల్లో సాధారణంగా భూమి, ఇల్లు, బంగారం. ఈ మూడూ లేనివారి సంగతేమిటి? భూమి ఉండి కూడా దాన్ని తాకట్టుగా చూపలేనివారి సంగతేమిటి?

ఈ రెండో ప్రశ్న వింతగా అనిపించవచ్చు. కాని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న దాదాపు 120 కిలోమీటర్ల దారిలో అది నిత్యజీవిత సమస్య. ఒకే లైసెన్సు, ఒకే అనుభవం ఉన్న ఇద్దరు విద్యుత్ కాంట్రాక్టర్లను ఊహించుకోండి. ఒకరు ఖమ్మం పట్టణంలో, మరొకరు భద్రాచలంలో ఉన్నారు. మొదటివారు తన ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పెట్టుబడి తెచ్చుకోగలరు. రెండోవారికి అది చాలావరకు సాధ్యం కాదు. ఈ తేడా వ్యక్తుల సామర్థ్యం వల్ల వచ్చింది కాదు, చరిత్ర వల్ల వచ్చింది. ఆ చరిత్రనే ఈ భాగంలో పరిశీలిస్తాం.

1.2 సరిహద్దులు మారిన ప్రాంతం

భద్రాచలం ప్రాంతం 1860 వరకు నిజాం పాలనలో ఉండేది. ఆ ఏడాది అది బ్రిటిష్ వారికి సంక్రమించింది. కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో చేరింది. గోదావరికి ఇవతల ఉన్న పాల్వంచ, ఇల్లెందు ప్రాంతాలు మాత్రం హైదరాబాదు రాజ్యంలోనే కొనసాగాయి. అంటే నదికి ఒక ఒడ్డున మద్రాసు చట్టాలు, మరో ఒడ్డున నిజాం చట్టాలు అమలులో ఉండేవి.

1953 అక్టోబర్ 1న వరంగల్ జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

ఈ మార్పులు మన అంశానికి ఎందుకు అవసరమని మీరు అడగవచ్చు. కాంట్రాక్టరు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. లైన్ల పని అప్పగించేది ఆ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ. సరిహద్దు కదిలినప్పుడు పని ఇచ్చే సంస్థ కూడా మారుతుంది. నిన్నటిదాకా పక్క ఊరుగా ఉన్నది ఒక్కరోజులో వేరే రాష్ట్రంలోని ఊరైపోతుంది.

1.3 షావుకారు అప్పు – భూమి రక్షణ చట్టాలు

కోయలు, కొండరెడ్లు నివసించే ఈ అడవుల్లో అప్పు మొదట డబ్బు రూపంలో కాక ధాన్యం, ఉప్పు, బట్టల రూపంలో వచ్చింది. వానాకాలంలో తిండిగింజలు అరువు తీసుకుని, పంట చేతికొచ్చాక అంతకు మించి కొలిచి ఇవ్వడం ఆనవాయితీ. తీరని అప్పు ఏటా పెరిగి, చివరకు భూమి షావుకారు చేతికి పోయేది.

దీన్ని అడ్డుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతుల వారి అప్పుపై వడ్డీ ఏడాదికి 24 శాతం మించరాదని, చక్రవడ్డీ చెల్లదని ఆ చట్టం చెప్పింది. వారి భూమి ఇతరులకు బదిలీ కాకుండా కట్టడి చేసింది. స్వాతంత్ర్యం తరవాత 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన (1959లో 1వ నిబంధన) వచ్చింది. 1960లో వడ్డీ వ్యాపారుల నియంత్రణకు, గిరిజనుల రుణ విముక్తికి వేరువేరు నిబంధనలు చేశారు. 1963లో భూబదిలీ నిబంధనను తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తింపజేశారు. దీనితో గోదావరికి రెండు ఒడ్డులా ఒకే చట్టం అమలులోకి వచ్చింది.

వీటన్నిటిలో ప్రజల నోట నిలిచిపోయింది 1970 నాటి 1వ నిబంధన. దాన్ని మనం "వన్ ఆఫ్ సెవెంటీ" అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మడమే కాదు, ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదని ఇది శాసించింది. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని మొదట భావించాలని, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత వారిదేనని చెప్పింది.

ఈ చట్టం లక్ష్యం న్యాయమైనది. అది లేకపోతే ఈ ప్రాంతంలో గిరిజనుల చేతిలో నేడు ఎంత భూమి మిగిలి ఉండేదో ఊహించడం కష్టం. అయితే దానికి మరో ఫలితం కూడా ఉంది. బ్యాంకు దృష్టిలో తాకట్టు విలువ దాన్ని అమ్మగలిగే అవకాశం మీద ఆధారపడి ఉంటుంది. కొనేవారు కొద్దిమందే అయినప్పుడు ఆ విలువ పడిపోతుంది. 1971లో చేసిన సవరణ సహకార సంఘాలకు, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకు గిరిజనులు భూమిని షరతులతో తనఖా పెట్టే వీలు కల్పించింది. కాని బాకీ వసూలుకు ఆ భూమిని అమ్మవలసి వస్తే, కొనేది మళ్లీ గిరిజనులో వారి సహకార సంఘమో కావాలి. అందువల్ల తనఖా చట్టరీత్యా సాధ్యమైనా, ఆచరణలో బ్యాంకుకు ధైర్యం ఇవ్వలేదు.

ఏజెన్సీ పట్టణాల్లో స్థిరపడ్డ గిరిజనేతర వృత్తిదారులకూ ఇదే అడ్డంకి ఎదురైంది. ఇల్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటున్నా, రిజిస్ట్రేషన్ లేని స్థలం బ్యాంకుకు తాకట్టుగా పనికిరాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
1970 నాటి 1వ నిబంధన గిరిజనుల భూమిని కాపాడుతూనే బ్యాంకు రుణానికి ఎలా అడ్డంకి అయింది? ఐదు వాక్యాలలో రాయండి.

1.4 సంస్థాగత రుణం రాక

షావుకారుకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం మొదట సహకార మార్గం ఎంచుకుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొని, నిత్యావసర వస్తువులు అమ్మి, వ్యవసాయానికి అప్పులిచ్చింది. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. 1976లో ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు మొదలైంది. అది 2006లో మరికొన్ని బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి.

ఈ సంస్థల వల్ల పంట రుణం, పశువుల రుణం పల్లెకు చేరాయి. పంట రుణానికి పొలం, పంట కనిపిస్తాయి. మరి చేతిపనితో బతికే వృత్తిదారుకు ఏం చూపి అప్పు ఇవ్వాలి? ఈ ప్రశ్న కరెంటుతో పాటే అడవి అంచుకు చేరింది.

1.5 కరెంటు రాక – కొత్త వృత్తి

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1966లో పాల్వంచ వద్ద కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి మొదలైంది. రాష్ట్రానికి వెలుగు పంచే కేంద్రం ఇక్కడే ఉన్నా, చుట్టుపక్కల అడవి గూడేలకు ఆ వెలుగు చేరడానికి చాలా కాలం పట్టింది. దూరం ఎక్కువ, ఇళ్లు తక్కువ, దారిలో రిజర్వు అడవి. ఇవీ కారణాలు.

1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ రాష్ట్ర మండలులకు రుణాలు ఇచ్చింది. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం, 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామ జ్యోతి పథకం, 2017లో సౌభాగ్య పథకం వచ్చాయి. ప్రతి పథకంతోనూ స్తంభాలు నాటడం, లైన్లు లాగడం, ట్రాన్స్‌ఫార్మర్లు బిగించడం, ఇళ్లకు వైరింగ్ చేయడం వంటి పనులు పెరిగాయి.

ఈ పనులు అందరూ చేయడానికి వీల్లేదు. 1956 భారత విద్యుత్ నియమాలలోని 45వ నియమం ప్రకారం విద్యుత్ అమరిక పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, అర్హత పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో చేయించాలి. తరవాత వచ్చిన భద్రతా నిబంధనలూ ఈ సూత్రాన్ని కొనసాగించాయి. ఐటీఐ చదివిన యువకులకు, లైన్ల మీద పనిచేసి అనుభవం గడించిన వారికి ఇది కొత్త దారి చూపింది.

అయితే లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన పని చేయలేరు. టెండరుకు ధరావతు కట్టాలి. తీగ, ఇన్సులేటర్లు, మీటరు బోర్డులు, ఎర్తింగ్ సామాను ముందే కొనాలి. కూలీలకు వారం వారం డబ్బు ఇవ్వాలి. పని పూర్తయ్యాక ఇంజనీరు కొలతలు తీసి పుస్తకంలో ఎక్కించాలి. ఆ తరవాతే బిల్లు. అది ఎప్పుడు వస్తుందో కాంట్రాక్టరు చేతిలో ఉండదు. ఖర్చు ముందు, రాబడి తరవాత. ఈ మధ్య కాలాన్ని దాటించే డబ్బునే నిర్వహణ పెట్టుబడి అంటాం.

అడవి సరిహద్దులో ఈ మధ్య కాలం ఇంకా పొడవు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అటవీ భూమిలో లైను వేయరాదు. 2006 అటవీ హక్కుల చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. గ్రామసభ సిఫారసుతో, ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టవలసి వచ్చే విద్యుత్ లైన్ వంటి సామాజిక సదుపాయాలకు అనుమతించే మార్గం అందులో ఉంది. అయినా అనుమతి వచ్చేదాకా కొన్న సామాను ఊరికే పడి ఉంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మరొక ఇబ్బంది కూడా గమనించండి. పెద్ద పథకాల పనులను జిల్లా మొత్తానికో, దానిలో పెద్ద భాగానికో కలిపి ఒకే పెద్ద సంస్థకు అప్పగించేవారు. స్థానిక చిన్న కాంట్రాక్టరు ఆ సంస్థ కింద ఉపకాంట్రాక్టరుగా పనిచేసేవాడు. పని తనదే అయినా వర్క్ ఆర్డర్ తన పేరున ఉండదు. బ్యాంకుకు చూపడానికి ఆ కాగితం కూడా లేదన్నమాట.

1.6 హామీ అనే ఆలోచన: 1960 – 2000

1872 భారత కాంట్రాక్టు చట్టం హామీ ఒప్పందాన్ని నిర్వచించింది. అందులో ముగ్గురుంటారు: అప్పు ఇచ్చేవారు, అప్పు తీసుకునేవారు, జామీనుదారు. గ్రామంలో జామీనుదారుగా ఉండేది బంధువో, పెద్దమనిషో. ఆ స్థానంలో ప్రభుత్వమే నిలబడితే? ఇదే రుణహామీ పథకాల మూలభావన.

ఇది మనదేశంలోనే పుట్టింది కాదు. జపానులో 1937లో టోక్యో రుణహామీ సంఘం ఏర్పడింది. అమెరికాలో 1953లో చిన్న వ్యాపారాల పాలనాసంస్థ స్థాపించారు. బ్యాంకులు చిన్న వ్యాపారులకు, వారిలో భాగంగా విద్యుత్ కాంట్రాక్టర్లకు, ఇచ్చే అప్పులో కొంత భాగానికి ఆ సంస్థ ప్రభుత్వం తరఫున హామీ ఇస్తుంది.

భారత ప్రభుత్వం 1960 జులైలో చిన్న పరిశ్రమల రుణహామీ పథకాన్ని మొదట 22 జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. నిర్వహణ బాధ్యత రిజర్వు బ్యాంకుది. 1963లో దీన్ని దేశమంతటికీ విస్తరించారు. కాని ఇది వస్తువులు తయారుచేసే పరిశ్రమలకు ఉద్దేశించింది. వైరింగ్ చేసే కాంట్రాక్టరు తయారీదారు కాదు కనుక ఇందులో ఇమడలేదు.

1971లో భారత రుణహామీ సంస్థ ఏర్పడింది. చిన్న వర్తకులు, రవాణాదారులు, స్వయం ఉపాధి వృత్తిదారులకు ఇచ్చే అప్పులు హామీ పరిధిలోకి వచ్చాయి. చేతిపని తెలిసినవారిని కూడా రుణయోగ్యులుగా గుర్తించిన మలుపు ఇది. 1978లో ఆ సంస్థ డిపాజిట్ బీమా సంస్థలో విలీనమైంది. 1979లో గ్రామీణ యువతకు వృత్తిశిక్షణ ఇచ్చే ట్రైసెమ్ పథకం, దానికి తోడుగా సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం శిక్షణనూ రుణాన్నీ జోడించాయి.

ఈ తొలి దశ ఎందుకు నిలవలేదు? హామీ రుసుము రూపంలో వచ్చే డబ్బు కంటే క్లెయిముల రూపంలో పోయే డబ్బు పెరిగింది. రుసుము పెంచితే బ్యాంకులు తప్పుకోవడం మొదలుపెట్టాయి. చివరకు 2003 నాటికి ఆ పథకాలు ఆగిపోయాయి. దీని నుంచి చరిత్ర విద్యార్థి గ్రహించవలసింది ఒకటుంది. హామీ ఉంది కదా అని పరిశీలన లేకుండా అప్పు ఇస్తే హామీ నిధే కరిగిపోతుంది. మరీ భయపడి ఇస్తే అది అవసరమైన వారికి చేరదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
1960 పథకానికీ, 1971 పథకానికీ మధ్య గల ముఖ్యమైన తేడా ఏమిటి?

1.7 2000 తరవాతి దశ

2000 ఆగస్టు 30న కేంద్ర ప్రభుత్వం, భారత చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు (సిడ్బీ) కలిసి కొత్త హామీ నిధి ట్రస్టును ప్రారంభించాయి. నిధిలో వాటి వాటా 4:1. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం సేవారంగాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఆ తరవాత ట్రస్టు పేరు సీజీటీఎంఎస్ఈగా మారింది. విద్యుత్ అమరిక పని సేవ కిందకు వస్తుంది కనుక, కాంట్రాక్టరుకు ఇది నేరుగా వర్తించే మార్గమైంది.

హామీ వర్తించే రుణ పరిమితి మొదట 25 లక్షల రూపాయలు. 2009 నాటికి కోటికి, 2017లో 2 కోట్లకు, 2023లో 5 కోట్లకు, 2025లో 10 కోట్లకు పెరిగింది. 2010లో రిజర్వు బ్యాంకు సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇచ్చే 10 లక్షల లోపు రుణాలకు తాకట్టు అడగవద్దని బ్యాంకులను ఆదేశించింది.

2015 ఏప్రిల్ 8న ముద్ర పథకం వచ్చింది. ఇందులో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు రుణాలిస్తారు. వీటికి ప్రత్యేక హామీ నిధి ఉంది. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా మొదలైంది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, కనీసం ఒక మహిళకు కొత్త సంస్థ స్థాపన కోసం 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలన్నది దాని లక్ష్యం. భద్రాచలం ఏజెన్సీలోని ఎస్టీ యువతకు ఇది ప్రత్యేకంగా వర్తించింది.

1.8 హామీ ఎలా పనిచేస్తుంది?

ఒక ఊహాత్మక లెక్కతో ఈ విషయాన్ని అర్థం చేసుకుందాం. ఒక కాంట్రాక్టరు తాకట్టు లేకుండా 8 లక్షల అప్పు తీసుకున్నారు. హామీ 75 శాతం అనుకుందాం. ఏటా హామీ రుసుము కట్టాలి, ఆ భారాన్ని బ్యాంకు సాధారణంగా రుణగ్రహీత మీదే వేస్తుంది. కొంతకాలానికి బిల్లులు ఆగిపోయి వాయిదాలు తప్పాయి. అప్పటికి మిగిలిన బాకీ 6 లక్షలు.

బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా గుర్తించి, చట్టపరమైన వసూలు చర్యలు మొదలుపెట్టి, ట్రస్టుకు క్లెయిము పంపుతుంది. హామీ మొత్తం 6 లక్షల్లో 75 శాతం, అంటే 4 లక్షల 50 వేలు. అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 3 లక్షల 37 వేల 500 రూపాయలు మొదట వస్తాయి. మిగతాది వసూలు ప్రక్రియ ముగింపుకొచ్చాక వస్తుంది. మిగిలిన లక్షా 50 వేల నష్టభయం బ్యాంకుదే.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. కాంట్రాక్టరు బాకీ ఎంత తగ్గింది? ఏమీ తగ్గలేదు. ఆయన ఇప్పటికీ 6 లక్షలు, దానిపై వడ్డీ చెల్లించవలసిందే. ట్రస్టు డబ్బు ఇచ్చినా బ్యాంకు వసూలు కొనసాగించాలి. రుణచరిత్రలో ఎగవేత నమోదవుతుంది కనుక మరో అప్పు పుట్టడం కష్టం. "ప్రభుత్వ హామీ ఉంది, కట్టకపోయినా ఫరవాలేదు" అని చాలామంది అనుకోవడం పొరపాటు. హామీ కాపాడేది ముందుగా అప్పు ఇచ్చినవారిని. అప్పు తీసుకున్నవారికి అది ఇచ్చేది మాఫీ కాదు, అవకాశం.

ఆ అవకాశం విలువ చిన్నది కాదు. ఇల్లు తాకట్టులో లేదు కనుక, వాయిదా తప్పినంత మాత్రాన బ్యాంకు దాన్ని నేరుగా వేలం వేయలేదు. షూరిటీ సంతకం చేసిన మేనమామ ఇంటికి నోటీసు వెళ్లదు. షావుకారు అప్పులో భూమి పోయిన తాతల కథ తెలిసిన కుటుంబాలకు ఈ తేడా అర్థమవుతుంది.

1.9 చరిత్ర నుంచి గ్రహించవలసింది

ఏజెన్సీలో ప్రభుత్వం రెండు పనులు చేసింది. మొదట, అప్పు వల్ల భూమి పోకుండా చట్టంతో గోడ కట్టింది. ఆ గోడ వల్ల భూమి చూపి అప్పు తెచ్చుకునే దారి ఇరుకైంది. తరవాత, ఆ లోటు పూడ్చడానికి తానే జామీనుదారుగా ముందుకు వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే రెండూ సరిగా అర్థం కావు. అభివృద్ధికి అడ్డమని చెప్పి భూమి చట్టాన్ని సడలించమనేవారు, తాకట్టు లేకుండానే రుణం ఇచ్చే మార్గం నాలుగు దశాబ్దాల ప్రయోగాల తరవాత ఏర్పడిందన్న సంగతి గుర్తించాలి. భూమిని కాపాడుతూనే పెట్టుబడి సమకూర్చడం సాధ్యమే.

అయితే ఈ మార్గానికి మూడు పరిమితులున్నాయి. ఒకటి, హామీ ఉన్నా అప్పు మంజూరు చేసేది బ్యాంకు శాఖే. కాంట్రాక్టరుకు లైసెన్సు, ఉద్యం నమోదు, పన్ను లెక్కలు, తన పేరున వర్క్ ఆర్డర్ లేకపోతే హామీ అక్కరకు రాదు. రెండు, బిల్లుల జాప్యాన్ని హామీ సరిచేయలేదు. పని చేయించుకున్న సంస్థే ఆలస్యంగా చెల్లిస్తే, ఒక చేత్తో హామీ ఇచ్చి మరో చేత్తో వడ్డీ భారం మోపినట్లే. మూడు, బ్యాంకు శాఖలు, లైసెన్సు కార్యాలయాలు పట్టణాల్లో ఉంటాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేలవారికి ఒక్కో కాగితం కోసం ఒక రోజు కూలి పోతుంది.

1.10 సారాంశం

షావుకారు అప్పు నుంచి భూమిని కాపాడిన చట్టాలు 1917 నుంచి 1971 వరకు క్రమంగా రూపుదిద్దుకున్నాయి. వాటి వల్ల ఏజెన్సీ భూమి బ్యాంకు తాకట్టుగా పెద్దగా పనికిరాలేదు. కరెంటుతో పాటు విద్యుత్ కాంట్రాక్టరు అనే వృత్తి వచ్చింది. దానికి భూమి కంటే నైపుణ్యం, నిర్వహణ పెట్టుబడి ముఖ్యం. 1960, 1971, 2000, 2015 నాటి పథకాలతో హామీ పరిధి పరిశ్రమ నుంచి వృత్తిదారు దాకా విస్తరించింది. హామీ అప్పు ఇచ్చేవారి భయాన్ని తగ్గిస్తుంది. తీసుకున్నవారి బాధ్యతను తగ్గించదు.

1.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఖమ్మం – భద్రాచలం ప్రాంతంలో భూబదిలీ చట్టాలకూ సంస్థాగత రుణానికీ గల సంబంధాన్ని చర్చించండి.
2. భారతదేశంలో రుణహామీ పథకాల పరిణామాన్ని వివరించండి. తొలి దశ పథకాలు ఎందుకు ఆగిపోయాయి?
3. మీ ప్రాంతంలోని ఒక విద్యుత్ కాంట్రాక్టరుతో మాట్లాడి, ఒక పనికి ఖర్చు ఎప్పుడు మొదలై బిల్లు ఎప్పుడు అందుతుందో కాలక్రమ పట్టిక తయారుచేయండి. ఆ మధ్య కాలానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి.